1 యోహాను 5:7: తీసేశారా, మొదట్నుంచీ లేదా?

పాతబైబిల్
అందరికీ వందనాలు. మా సంఘం గ్రూపులో ఒక మెసేజ్ తిరుగుతోంది. "పరలోకంలో సాక్ష్యమిచ్చేవారు ముగ్గురు: తండ్రి, వాక్యం, పరిశుద్ధాత్మ, ఈ ముగ్గురూ ఒక్కటే" అనే మాట ఇంగ్లీషు కింగ్ జేమ్స్ బైబిల్‌లో 1 యోహాను 5:7లో ఉందనీ, కొత్త అనువాదాలవాళ్లు కావాలనే ఎత్తేశారనీ దాని సారాంశం. నాకూ అలాగే అనిపిస్తోంది. ఇది త్రిత్వం మీద, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడన్న బోధ మీద దెబ్బ. వాక్యంలోంచి తీసేసేవాడి గతి ఏంటో ప్రకటన 22:19లో రాసే ఉంది. ఇవాళ ఒక వచనం పోతే రేపు అధ్యాయమే పోతుంది. కాదనేవాళ్లు చెప్పండి.

బెరయపాఠకుడు
బ్రదర్, ముందు మీ చేతిలో ఉన్న బైబిల్ సొసైటీవారి పాత తెలుగు బైబిల్ తెరవండి. "సాక్ష్యమిచ్చువారు ముగ్గురు, అనగా ఆత్మయు, నీళ్లును, రక్తమును, ఈ ముగ్గురు ఏకీభవించి యున్నారు." అంతే. మీరంటున్న మాట అందులో లేదు. మన పెద్దలు కంఠతా పట్టింది ఇదే.

అది ఇంగ్లీషులోకి ఎలా వచ్చిందో చెబుతాను. డచ్ పండితుడు ఎరాస్మస్ సిద్ధం చేసిన గ్రీకు కొత్త నిబంధన 1516లో బాసెల్‌లో అచ్చయింది. అందులో ఆ మాట లేదు. 1519 రెండో ముద్రణలోనూ లేదు. దాన్ని చూసి లూథర్ 1522లో చేసిన జర్మన్ అనువాదంలోనూ లేదు. ఎందుకు వదిలేశావని ఎరాస్మస్ మీద విమర్శలు వచ్చాయి. ఆ మాట ఉన్న గ్రీకు ప్రతి ఒకటి బయటికొచ్చింది. అది అదే శతాబ్దంలో రాసింది, ఇప్పుడు డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో ఉంది. 1522 మూడో ముద్రణలో ఆయన ఆ మాట చేర్చాడు. అక్కడ్నుంచి తర్వాతి ముద్రణల మీదుగా 1611 కింగ్ జేమ్స్‌లోకి వెళ్లింది. బాగా పాత గ్రీకు బైబిల్ చేతిరాత ప్రతులైన 4వ శతాబ్దపు వాటికన్, సినాయి ప్రతులు రెంటిలోనూ లేదు. 1 యోహాను ఉన్న గ్రీకు చేతిరాత ప్రతులు వందల్లో ఉంటే, ఆ మాట ఉన్నవి పది అటూ ఇటూ. వాటిలోనూ కొన్నింట అది అంచున తర్వాత ఎవరో రాసింది.

ఓరుగల్లు_అక్క
ఇప్పుడే తీసి చూశాను. తెలుగులో లేదు, నిజమే.

కృపాసువార్త
ఎరాస్మస్ పందెం కట్టి ఓడిపోయి చేర్చాడంట కదా?

బెరయపాఠకుడు
ఆ కథ వదిలేయండి తమ్ముడూ. ఆయన రాతల్లో అలాంటి పందెం ఎక్కడా లేదు. నింద వేయడానికి ఎవరికీ సందు ఇవ్వకూడదని చేర్చానన్నాడు, అంతవరకే. మన వాదనకు పనికొస్తుందని రుజువు లేని కథ చెబితే ఆ మెసేజ్ పంపినవాడికీ మనకూ తేడా ఉండదు.

పాతబైబిల్
గ్రీకు ప్రతుల లెక్క చెప్పి తప్పించుకోకండి. కార్తేజ్ బిషప్ సిప్రియన్ 3వ శతాబ్దం మధ్యలోనే "తండ్రి కుమార పరిశుద్ధాత్మలను గురించి, ఈ ముగ్గురూ ఒక్కటే అని రాయబడి ఉంది" అన్నాడు. మీ వాటికన్ ప్రతికి సుమారు వందేళ్ల ముందు మాట ఇది. ఆయన చేతిలో ఉన్న లేఖనంలో లేకపోతే "రాయబడి ఉంది" అని ఎలా అంటాడు? దీనికి జవాబు చెప్పండి.

బెరయపాఠకుడు
ఈ చర్చలో మీవైపు ఉన్న గట్టి సాక్ష్యం అదొక్కటే, కాబట్టి సూటిగా చెబుతాను. సిప్రియన్ "వాక్యం" అనలేదు, "కుమారుడు" అన్నాడు. "ఈ ముగ్గురూ ఒక్కటే" అన్నంతవరకు 8వ వచనంలోనూ ఉంది. ఆత్మ, నీళ్లు, రక్తం అంటే త్రిత్వానికి గుర్తులని చెప్పుకునే అలవాటు ఆఫ్రికా సంఘంలో ఉండేది. తర్వాత ఆఫ్రికా బిషప్ అగస్టీన్, ఏరియస్ పక్షపు బిషప్ మాక్సిమినస్‌తో వాదిస్తూ ఆ వచనాన్ని అచ్చం అలాగే వివరించాడు. మీరు చెప్పే మాట స్పష్టంగా మొదట కనబడేది 380 ప్రాంతంలో, స్పెయిన్‌లో ప్రిస్కిలియన్ అనే బోధకుడి లాటిన్ రాతల్లో. అంచున రాసుకున్న వివరణ తర్వాతి లేఖకుడి చేతిలో వచనంలోకి దిగడం చేతిరాత ప్రతుల్లో జరిగేదే. లాటిన్‌లోనూ 546 నాటి ఫుల్డా ప్రతి వచనంలో అది లేదు.

ఇంకొకటి. 325లో నీకయ సభలో, కుమారుడు తండ్రితో సమానుడు కాడన్న ఏరియస్ బోధ మీద అంత పోరాటం జరిగింది. ఆ తర్వాత అలెగ్జాండ్రియా బిషప్ అతనాసియస్ ఆ బోధకు వ్యతిరేకంగా ఏళ్ల తరబడి రాశాడు. ఆ గ్రీకు పెద్దల్లో ఒక్కరూ ఈ వచనం ఎత్తలేదు. చేతిలో ఉంటే ఎత్తకుండా ఉంటారా?

పాతబైబిల్
మీరిలా మాట్లాడుతుంటే ఇంటింటికీ తిరిగే యెహోవా సాక్షుల మాటే వినబడుతోంది. వాళ్లూ ఇదే వచనం చూపించి "త్రిత్వం మనుషులు కలిపింది" అంటారు. మా వీధిలో ఒక కుటుంబం అలా విని ఆరాధనకు రావడమే మానేసింది. ఆ ఆత్మలకు జవాబుదారీ ఎవరు?

ఓరుగల్లు_అక్క
అన్నా, ఆ కుటుంబానికి త్రిత్వానికి రుజువుగా ఏ వచనం నేర్పారు? ఈ ఒక్కటేనా? ఒక సిద్ధాంతం ఒక్క వచనం మీదే నిలబడితే ముందు అనుమానించాల్సింది ఆ కట్టడాన్నే. మత్తయి 28:19, 2 కొరింథీ 13:14, యోహాను 1:1, 20:28, అపొ. కార్య. 5:3, 4. ఇవి నేర్పి ఉంటే గుమ్మంలో ఎవరు నిలబడి ఏం చూపించినా తడబడేవాళ్లు కాదు.

బెరయపాఠకుడు
పాతబైబిల్ గారూ, మీరెత్తిన ప్రకటన 22:19 సంగతే చూడండి. ఎరాస్మస్ దగ్గరున్న ప్రకటన గ్రంథం గ్రీకు ప్రతి ఒక్కటే, దానికి చివరాకు లేదు. ఆఖరి ఆరు వచనాలు లాటిన్‌లోంచి తనే గ్రీకులోకి తిప్పి రాసుకున్నాడు. అందుకే కింగ్ జేమ్స్‌లో అక్కడ "జీవగ్రంథం" అని ఉంటుంది. మన తెలుగులో, గ్రీకు ప్రతుల్లో ఉన్నట్టే, "జీవవృక్షము" అని ఉంది. దాని ముందు వచనమే, 22:18, కలిపేవాడిని హెచ్చరిస్తోంది. తీసేయడం పాపమైతే కలపడమూ పాపమే.

కోత_సేవకుడు
చాలా చదువుతున్నారు, సంతోషం. కానీ దైవజనులు మోకాళ్ల మీద ఉండి చెప్పినదాన్ని ఫోన్‌లో చూసి తప్పుపట్టే అర్హత మీకెవరిచ్చారు? "నేను అభిషేకించినవారిని ముట్టకూడదు" అని ఉంది. జాగ్రత్త.

బెరయపాఠకుడు
ఆ మాట కీర్తన 105:15లో ఉంది. 9వ వచనం నుంచి చదవండి. అక్కడ అభిషిక్తులంటే అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు. హెచ్చరిక వాళ్లకు హాని చేయబోయిన రాజులకు. బోధను పరీక్షించే విశ్వాసికి కాదు. పౌలు చెప్పిన సంగతులనే "ఆలాగున్నవో లేవో అని" బెరయ ఊరివారు లేఖనాలు పరిశోధించారని అపొ. కార్య. 17:11లో ఉంది. వాళ్లను ఘనులన్నారు, తిరుగుబాటుదారులనలేదు. పౌలు కన్నా పెద్ద అభిషేకం మీకుందా?

కృపాసువార్త
ఇద్దరూ కాస్త తగ్గండి, ప్లీజ్.

పాతబైబిల్
నేను తగ్గను. అయితే నా బాధ ఆ వచనం కాదని ఇప్పుడైనా వినండి. మా సంఘంలో సగం మంది వాక్యం చదివించుకుని వినేవాళ్లు. "ఈ వచనం ముందు లేదు, తర్వాత కలిపారు" అని ఆదివారం చెబితే, "మిగతావి మాత్రం ఉన్నాయని ఏంటి నమ్మకం?" అని అడుగుతారు. అప్పుడు వాటికన్ ప్రతి గురించి చెప్పనా? మీరు ఇక్కడ గెలుస్తారు. అక్కడ నష్టం మోసేది మేము.

ఓరుగల్లు_అక్క
ఇది అసలు ప్రశ్న. ఆ అమ్మలకు ప్రతుల పేర్లు అక్కర్లేదు. "వేల ప్రతులు పోల్చి చూశారు కాబట్టే కలిసిన మాట దొరికిపోయింది" అని చెబితే చాలు. దొరికిపోవడమే నమ్మకానికి ఆధారం. ఏ తేడానైనా మూడు అడిగి చూస్తాం: ఎంత పాత ప్రతుల్లో ఉంది, ఎన్ని ప్రాంతాల్లో ఉంది, ఏ పాఠం నుంచి రెండోది పుట్టి ఉంటుంది. అన్నింటినీ ఒకే గాటన కట్టకూడదు. మార్కు 16:9–20 కూడా వాటికన్, సినాయి ప్రతుల్లో లేదు, కానీ 180 ప్రాంతంలోనే బిషప్ ఐరేనియస్ అందులోని 19వ వచనం ఎత్తాడు, గ్రీకు ప్రతుల్లో దాదాపు అన్నింటిలో ఉంది. దాని లెక్క వేరు.

పాతబైబిల్
ఆ మెసేజ్‌లో చెప్పినట్టు మన తెలుగులోంచి తీసేయలేదు, అంతవరకు సరే. ప్రసంగ వేదిక మీద మాత్రం ఈ విషయం ఎత్తను. బాప్తిస్మం క్లాసులో ఎవరైనా అడిగితే చెబుతాను.

బెరయపాఠకుడు
అడగకముందే చెప్పాలంటాను. మీరు అడిగేదాకా ఆగితే, ఆ పిల్లలు దీన్ని మొదట వినేది వాళ్ల గుమ్మం తట్టినవాళ్ల నోటనే. ఇందులో మనకు కుదరదు.

కృపాసువార్త
మార్కు 16:18 మీద వేరే చర్చ పెడుతున్నా. అమెరికా కొండ ప్రాంతాల్లో ఆ వచనం పట్టుకునే ఆరాధనలో పాములు పడతారు. వాళ్లలో పేరున్న జార్జ్ హెన్స్లీ 1955లో పాము కాటుకే చనిపోయాడు. పాత ప్రతుల మాట, బోధ మాట రెండూ అక్కడ తేల్చుకుందాం.