ఐదో అంతస్తు ఫ్లాటుకు ఏసీ: అవుట్‌డోర్ యూనిట్ డక్టులో పెట్టాలా, డాబా మీద పెట్టాలా?

ప్రశ్న (విజయవాడ నుంచి)

స్టిల్టు మీద ఐదంతస్తులున్న అపార్ట్‌మెంటులో మాది ఆఖరి అంతస్తు. పడమటి గోడా, పైన స్లాబూ రెండూ ఎండకు కాగుతూ ఉండటం వల్ల రాత్రి పదకొండు దాటినా పడకగది గోడ మీద చెయ్యి వేస్తే వెచ్చగానే ఉంటుంది. 1.5 టన్నుల ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీ కొన్నాము. బిగించడానికి వచ్చిన మెకానిక్, అవుట్‌డోర్ యూనిట్‌ను బాత్‌రూముల వెనక గొట్టాల కోసం వదిలిన ఇరుకు సందులో, అంటే డక్టులో పెడితే నాలుగు మీటర్ల రాగి పైపుతో పని అయిపోతుందని, డాబా మీద పెడితే తొమ్మిది మీటర్లు పడుతుందని, ఏసీతో పాటు వచ్చిన మూడు మీటర్లు పోగా మిగిలినదానికి మీటరు లెక్కన డబ్బు వేరుగా ఇవ్వాలని చెప్పారు. ఆ డక్టులో కింది అంతస్తులవారి యూనిట్లు ఇప్పటికే నాలుగు ఒకదానిపైన ఒకటి ఉన్నాయి. వీధి వైపు గోడకు తగిలించడానికి అసోసియేషన్ ఒప్పుకోదు. డాబా సంగతి మాత్రం ఉత్తరం రాసి ఇస్తే ఆలోచిస్తామన్నారు. పైపు పొడవు పెరిగితే చల్లదనం తగ్గుతుందా? రోహిణి కార్తె రాకముందే పని పూర్తి చేయాలని ఉంది కనుక అనుభవమున్నవారు చెప్పగలరు.

జవాబు 1 (ఏసీ సర్వీసు పనిలో ఉన్న వ్యక్తి)

పైపు పొడవు కంటే మీరు భయపడవలసింది ఆ డక్టుకే. 1.5 టన్నుల ఏసీ పూర్తి సామర్థ్యంతో నడిచేటప్పుడు గదిలోంచి లాగిన ఐదు కిలోవాట్ల పైచిలుకు వేడికి తాను వాడుకున్న కరెంటు కూడా తోడై, సుమారు ఆరున్నర కిలోవాట్ల వేడి బయటికి వస్తుంది. కింద ఉన్న నాలుగూ అదే సైజు యూనిట్లయి, మధ్యాహ్నం ఒకేసారి నడిచాయంటే రెండేసి కిలోవాట్ల గీజర్లు పదమూడు ఆ ఇరుకు సందులో వెలిగించినట్టే. వేడి గాలి పైకే ఎగదన్నుతుంది. అన్నిటికంటే పైన ఉండేది మీ యూనిట్. పెట్టె మీద రాసిన సామర్థ్యం బయట 35 డిగ్రీలున్నప్పుడు కొలిచినది. మే నెలలో బెజవాడ ఎండకే అది తగ్గుతుంది, డక్టు సెగకు మరింత తగ్గి కంప్రెసర్ ఆగి ఆగి నడుస్తుంది. అప్పుడు అందరూ గ్యాస్ అయిపోయిందనుకుని మమ్మల్ని పిలుస్తారు. గ్యాస్ నిండుగానే ఉంటుంది.

తొమ్మిది మీటర్ల పైపు వల్ల కొద్దిపాటి నష్టం ఉన్నా అది గమనించదగినంత కాదు. మీ మోడల్‌తో వచ్చిన పుస్తకంలో పైపు ఎంత పొడవు వరకు వేయవచ్చో, రెండు యూనిట్ల మధ్య ఎత్తు ఎంత ఉండవచ్చో, ఎన్ని మీటర్లు దాటితే ఎన్ని గ్రాముల గ్యాస్ అదనంగా ఎక్కించాలో ఉంటుంది. ఆ గ్రాములను కాటా మీద తూచి ఎక్కించమనండి. పైపును పట్టుకుని చూసి ‘చల్లబడింది, సరిపోయింది’ అనేవారిని నమ్మవద్దు. మధ్యలో అతుకు లేకుండా ఒకే ముక్క పైపు వేయించండి, మిగిలిపోయిన పైపును చుట్టగా చుట్టి వెనక దాచనివ్వకండి.

అన్నిటికంటే ముఖ్యం వాక్యూమ్, అంటే గ్యాస్ వదలకముందు పైపుల్లోని గాలినీ తడినీ పంపుతో లాగేయడం. కొందరు పంపు మోసుకుంటూ ఐదంతస్తులు ఎక్కడం బద్ధకమై, యూనిట్‌లోని గ్యాస్‌నే కాస్త వదిలి, నట్టు దగ్గర బుస్సుమని చప్పుడు రాగానే ‘గాలి పోయింది సార్’ అంటారు. గాలి కొంత పోతుంది, తడి పోదు. ఇప్పటి ఏసీల్లో ఎక్కువగా ఉండే ఆర్32 గ్యాస్‌కు మండే గుణం కొంత ఉంది కాబట్టి ఆ పద్ధతి ప్రమాదకరం కూడా. పంపు కనీసం పదిహేను ఇరవై నిమిషాలు నడవాలి, ఆపిన తరువాత గేజీ ముల్లు పది నిమిషాలపాటు కదలకుండా నిలవాలి. మీరు పక్కనే నిలబడి చూడండి.

జవాబు 2 (గుంటూరులో ఒక అపార్ట్‌మెంటు అసోసియేషన్ కార్యదర్శి)

డాబా అందరిదీ కనుక ఉత్తరంలో యూనిట్ ఎక్కడ పెడతారో, పైపు ఏ దారిన దిగుతుందో చిన్న బొమ్మ గీసి జతచేయండి. మా అనుభవంలో బొమ్మ ఉన్న దరఖాస్తుకు అభ్యంతరాలు తక్కువ. పైపు కోసం స్లాబుకు రంధ్రం కొట్టడానికి మాత్రం ఏ అసోసియేషనూ ఒప్పుకోకూడదు, ఎందుకంటే లోపలి ఇనుప ఊచ తెగినా తెగకపోయినా వానాకాలంలో కారేది మీ పడకగదిలోనే. పిట్టగోడ మీదుగా దించి, గోడకు బయటి వైపు వాలుగా రంధ్రం వేయించండి. యూనిట్‌ను స్టాండు మీద, వాటర్‌ప్రూఫింగ్‌కు మేకులు దిగకుండా, రబ్బరు దిమ్మలపై నిలపాలి.

డ్రెయిన్ పైపు గురించి ఎవరూ ముందుగా ఆలోచించరు. ఉక్కపోత రోజుల్లో ఆ సైజు ఏసీ నుంచి గంటకు లీటరుకు పైగా నీరు రావచ్చు. మా భవనంలో నాలుగో అంతస్తువారి పైపు గాలికి ఊగి, మూడో అంతస్తు బాల్కనీలో పాత చీర మీద ఆరబెట్టిన గుమ్మడికాయ వడియాల మీద రాత్రంతా బొట్టు బొట్టుగా కారింది. పొద్దున్నే జరిగిన పంచాయితీ మినిట్స్ పుస్తకంలో రెండు పేజీలుంది! నీటిని వాన నీటి గొట్టంలోకి వాలుగా కలపండి, మురుగు గొట్టంలోకి కలిపితే దుర్వాసన గదిలోకే వస్తుంది.

జవాబు 3 (విశాఖపట్నం నుంచి)

నేను ఏడో అంతస్తులో ఉంటాను. డబ్బు ఆదా అవుతుందని బాల్కనీ అవతలి గోడకు, చెయ్యి అందని చోట తగిలించడానికి ఒప్పుకున్నాను. ఆ గోడ తేలిక సిమెంటు ఇటుకలది. మామూలు యాంకర్ బోల్టులు రెండేళ్లలో వదులై, ఏసీ నడిచినప్పుడల్లా గోడంతా గుయ్యిమనేది. అటువంటి గోడకు అవతలినుంచి ఇవతలికి వచ్చే పొడవాటి బోల్టు వేసి, వెనక ఇనుప రేకు బిగించాలని తరువాత తెలిసింది. సముద్రపు గాలికి కాయిల్ పాడవుతుంది కాబట్టి ఏటా నీటితో కడగవలసిన యూనిట్ అది. మొదటి సర్వీసుకు వచ్చిన కుర్రాడు నడుముకు వాచ్‌మన్ తెచ్చిన నైలాన్ తాడు కట్టుకుని పిట్టగోడ ఎక్కబోతే నేనే వద్దని వెనక్కి పంపేశాను. మనిషి నిలబడి పని చేయగల చోటైతే ఎన్ని మీటర్ల పైపు పట్టినా దండగ కాదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. డాబాకే నిశ్చయించుకుని బొమ్మతో సహా ఉత్తరం ఇచ్చాను. ఎలక్ట్రీషియన్ చూసి, ఏసీ పాయింటుకు మీటరు బోర్డు నుంచి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ విడిగా లాగి, దానికి ప్రత్యేకంగా ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే దానంతటదే ఆగిపోయే స్విచ్చు) పెట్టాలని చెప్పారు. యూనిట్‌కు ఎండ తగలకుండా రేకు వేయించవచ్చా?

జవాబు 1 రాసినవారు

వేయించవచ్చు. కాని ఫ్యాను ముందు, వెనక కాయిల్ దగ్గర ఏమీ అడ్డం రాకుండా, రేకు యూనిట్‌కు మూరెడు ఎత్తులో ఉండాలి. ఆ ఖర్చుతో పాటే మీ పడకగది మీది స్లాబు వరకైనా తెల్లటి కూల్ రూఫ్ పెయింటు వేయించండి. పూర్వం మన డాబాలకు సున్నం కొట్టించేవారు, అదే పని. స్లాబు కాగడం తగ్గితే 1.5 టన్నులు ఆ గదికి హాయిగా సరిపోతాయి.