స్మోకీస్‌లో టెంట్ క్యాంపింగ్, అమ్మానాన్నలతో... గోల లేని చోటు ఏది?

పల్నాటి_పిల్లోడు:
అందరికీ హాయ్. మేం అట్లాంటాలో ఉంటాం, అమ్మానాన్న నరసరావుపేట నుంచి వచ్చున్నారు, అక్టోబర్‌లో గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కుకి తీసుకెళ్దాం అనుకుంటున్నా. పోయినసారి పార్కు పక్కనున్న గాట్లిన్‌బర్గ్ ఊళ్లో హోటల్ తీసుకుంటే ఆ జనం, ఆ షాపులు చూసి నాన్న "ఇదేంట్రా కోటప్పకొండ తిరణాలలా ఉంది, అడవెక్కడ?" అన్నారు. అందుకే ఈసారి టెంట్. చెట్ల మధ్యన ఉండాలి, పక్కన వాగుంటే ఇంకా హ్యాపీ. ఏ క్యాంప్‌గ్రౌండ్ మంచిది? ఎలుగుబంట్ల సంగతేంటి? అమ్మ కింద పడుకోలేదు, దానికేం చేయాలి? వెళ్లినవాళ్లు కాస్త చెప్పండి.

నాక్స్‌విల్_నాని:
బ్రో, కళ్లు మూసుకుని కాస్బీ బుక్ చెయ్. జనం అంతా కేడ్స్ కోవ్, ఎల్క్‌మాంట్ క్యాంప్‌గ్రౌండ్లకే పోతారు, ఇది పార్కుకి ఈశాన్యం మూలన ఉంటుంది, పైగా 25 అడుగులు దాటిన ఆర్వీలు (ఇల్లులాంటి పెద్ద బళ్లు) పట్టవు కాబట్టి ఎక్కువ టెంట్లే కనిపిస్తాయి. కరెంటు లేదు, షవర్ లేదు, ఫ్లష్ టాయిలెట్లు, చన్నీళ్లు మాత్రం ఉంటాయి. అది చూసే చాలామంది వెనక్కి తగ్గుతారు, నన్నడిగితే అక్కడ ప్రశాంతంగా ఉండేదే అందుకు. బుకింగ్ రిక్రియేషన్ డాట్ గవ్‌లో 6 నెలల ముందు నుంచే ఓపెన్, అక్టోబర్‌లో ఆకులు రంగు మారే టైమ్ కదా, శని ఆదివారాలు ఆశ పెట్టుకోకు, సోమవారం నుంచి గురువారం లోపు చూడు. సిగ్నల్ నమ్ముకోవద్దు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకో.

షార్లెట్_శైలజ:
ఎలుగులకి మరీ భయపడక్కర్లేదండీ, కానీ తిండి దగ్గర అశ్రద్ధ అస్సలు వద్దు. పార్కులో దాదాపు 1,900 నల్ల ఎలుగులున్నాయని అంచనా, మన ఆవకాయ వాసన వాటికి తెలీకుండా ఉంటుందా! తిండి, కూలర్, స్టవ్, గిన్నెలు, చెత్త, టూత్‌పేస్టు, ఆంటీగారి కొబ్బరినూనె సీసాతో సహా అన్నీ కార్లో పెట్టి అద్దాలు ఎత్తి లాక్ చేసేయాలి, టెంట్లో బిస్కెట్ ప్యాకెట్ కూడా ఉండకూడదు. పోపులూ వేపుళ్లూ ఇంట్లోనే కానిచ్చేసి పులిహోర, చపాతీలు, పొడులు పట్టుకెళ్లండి, అక్కడ అన్నం వండుకుని టీ పెట్టుకుంటే చాలు. ఇంకోటి, ఇంటి దగ్గర్నుంచి కట్టెలు తీసుకెళ్లకండి, చెట్లని చంపే పురుగులు వాటితో వస్తాయని హీట్ ట్రీట్ చేసి ముద్ర ఉన్న కట్టెలే రానిస్తారు. లేదంటే అక్కడే కిందపడి ఎండిన పుల్లలు ఏరుకోవచ్చు, అంకుల్‌కి మంచి కాలక్షేపం.

మామూలు_మనిషి:
నేనైతే ఒప్పుకోను. పెద్దవాళ్లని అక్టోబర్‌లో టెంట్లోనా? రాత్రి 40 ఫారెన్‌హీట్‌కి పడిపోతుంది, అర్ధరాత్రి టార్చి పట్టుకుని బాత్రూమ్‌కి నడవాలి. టౌన్‌సెండ్ ఊరి వైపు క్యాబిన్ తీసుకోండి, పగలు అడవి చూపించండి. లేదూ అంటే ఒక్క రాత్రి, అంతే.

నాక్స్‌విల్_నాని:
అన్న చెప్పిందాంట్లో పాయింట్ ఉంది. బాత్రూమ్‌కి దగ్గర సైట్ మ్యాప్‌లో చూసి ఎంచుకో. అమ్మకి క్యాంప్ కాట్ (మడత మంచం) కొను, కానీ కాట్ కింద నుంచి చల్లగాలి కొడుతుంది, దాని మీద కూడా స్లీపింగ్ ప్యాడ్ వెయ్యాలి, ఇది చాలామందికి తట్టదు. వాన ఎప్పుడైనా పడొచ్చు, టెంట్ కింద పరిచే గ్రౌండ్ షీట్ టెంట్ అంచు దాటి బయటికి రాకుండా మడిచెయ్, లేకపోతే నీళ్లన్నీ దాని మీద పడి టెంట్ కిందకే చేరతాయి. అంకుల్ నడవగలిగితే హెన్ వాలో జలపాతం అక్కడికి దగ్గరే, పోను రాను 4.4 మైళ్లు. వేరే చోట్లకి కారులో వెళ్లి 15 నిమిషాలు దాటి ఆపితే పార్కింగ్ ట్యాగ్ కావాలి, రోజుకి 5 డాలర్లు, వారానికి 15.

పల్నాటి_పిల్లోడు:
థాంక్యూ అందరికీ. అమ్మకి చదివి వినిపించా, "బాత్రూమ్ దగ్గరైతే వస్తా, ఒక్క రాత్రికే" అంది, నాన్న రెండు అంటున్నారు, ఇంట్లో చర్చ నడుస్తోంది. కుక్కర్ తీసుకెళ్లొచ్చా మరి?

షార్లెట్_శైలజ:
తీసుకెళ్లండి, కానీ రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా సైలెంట్ టైమ్, ఆ లోపు విజిల్ రాకుండా చూసుకోండి 😄 స్పీకర్ మాత్రం ఇంట్లోనే వదిలేయండి ప్లీజ్, ఆ విషయంలో మనవాళ్లతో పడలేకపోతున్నాం.