శుభలేఖలో ‘లక్ష్మి’ చెదిరిపోతోంది, ఎవరికి చెప్పాలి?

ప్రశ్న:
తెనాలిలో డీటీపీ పని చేస్తానండీ. లిబ్రేఆఫీస్‌లో (ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్) ఒక ఉచిత ఫాంట్‌తో శుభలేఖ చేస్తుంటే ‘లక్ష్మి’లో మ వత్తు పక్కకు జరిగి తర్వాతి అక్షరం మీద పడుతోంది. పెళ్లికూతురి పేరే అది! ఒకటే టెన్షన్. రిపోర్ట్ ఎక్కడ పెట్టాలి? ఆ ఫాంట్‌కి బోల్డ్ కూడా లేదు, అదీ అడగొచ్చా?

జవాబు 1:
ముందు తప్పు ఎక్కడుందో తేల్చండి. అదే మాట నోటో సాన్స్ తెలుగు అనే ఇంకో ఉచిత ఫాంట్‌లో సరిగ్గా వస్తే తప్పు దాదాపు ఫాంట్‌దే. మీ ఫాంట్‌తోనే ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లోనూ చూడండి. అక్షరాలు కూర్చడానికి లిబ్రేఆఫీస్, ఫైర్‌ఫాక్స్ రెండూ హార్ఫ్‌బజ్ అనే ఒకే సాఫ్ట్‌వేర్‌ని వాడతాయి. లిబ్రేఆఫీస్‌లో మాత్రమే చెదిరితే వాళ్ల బగ్‌జిల్లాలో (తప్పులు నమోదు చేసే సైట్) రాయండి.

జవాబు 2:
మీ రిపోర్ట్ చదివేవాళ్లకు తెలుగు రాకపోవచ్చు. అందుకే తప్పు రూపం, సరైన రూపం పక్కపక్కన పెట్టి, జరిగిన వత్తు చుట్టూ ఎర్ర గీత గీయండి. బొమ్మ ఒక్కటే చాలదు, కాపీ చేసుకునేలా మాట కూడా ఇవ్వండి. ఫాంట్ వెర్షన్ మరవకండి. బోల్డ్ సంగతి వేరే రిపోర్ట్‌లో అడగండి, కలిపితే రెండోది మరుగున పడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
తప్పు ఫాంట్‌దేనండీ. దాన్ని తయారుచేసేవాళ్లు రిపోర్టులు తీసుకునే గిట్‌హబ్ పేజీలో వెతికితే ‘సూక్ష్మం’ గురించి ఎవరో ముందే రాశారు. కొత్తది తెరవకుండా దాని కిందే నా బొమ్మ పెట్టాను. శుభలేఖ మాత్రం నోటోలో అచ్చుకిచ్చేశాను.