క్రిమ్సన్ రోజ్ కోసం ఈశ్వరి తీగ: కుండీలో ఒక్కటి సరిపోతుందా?

కంచెమొక్క: కుండీలోని ఈశ్వరి తీగ మీద క్రిమ్సన్ రోజ్ అనే సీతాకోకచిలుక గొంగళిపురుగులు ఆరేడు చేరి, చూస్తుండగానే మోడు చేసేశాయి. అవి ఇంకా ఎదగాల్సిన పురుగులే. కరివేపాకు వేస్తే ముట్టడం లేదు. మరి ఆ సీతాకోకచిలుకే కరివేప చెట్టు మీద గుడ్లు పెడుతూ కనిపించింది. ఇప్పుడు వీటికి ఏం పెట్టాలి?

తూర్పుకనుమలు: కరివేప మీద గుడ్లు పెట్టింది క్రిమ్సన్ రోజ్ కాదండి, కామన్ మార్మన్ అనే ఇంకో సీతాకోకచిలుకలో ఆడది. వాటి ఆడవాటిలో ఒక రకం రెక్కలు అచ్చం క్రిమ్సన్ రోజ్ రెక్కల్లాగే ఉంటాయి. రెక్కలు వదిలేసి ఒళ్ళు చూడండి. క్రిమ్సన్ రోజ్‌కి తల, పొట్ట ఎర్రగా ఉంటాయి, మార్మన్‌ది నల్లటి ఒళ్ళు.

క్రిమ్సన్ రోజ్ పురుగు మన వైపు తినేది ఈశ్వరి, గాడిదగడపర ఆకులే. వేరే ఆకు వేస్తే ఆకలితో చస్తుంది తప్ప తినదు. నల్లరేగడి చేల గట్ల మీద గాడిదగడపర దొరుకుతుంది. నాలుగు కొమ్మలు కోసి నీళ్ల సీసాలో పెట్టి, మూతి దగ్గర దూది గట్టిగా కుక్కండి. లేకపోతే పురుగులు కాండం వెంట దిగి నీళ్లలో పడి చస్తాయి. వాడిన కొమ్మలు రోజూ మార్చాలి.

అసలు చిక్కు కుండీ దగ్గరే ఉంది. పురుగు తినే ఆకులో ఎక్కువ భాగం చివరి దశలోనే తింటుంది. ఆకు అయిపోతే లేత కాండాన్నీ కాయల్నీ కూడా వదలదు. కనీసం ఎనిమిది, పది తీగలు నేలలో, ఒకేచోట కాకుండా కంచె పొడుగునా పెట్టండి. ఒకటి బోడి అయ్యేసరికి పక్కది చిగురిస్తుంది.

మట్టిబెడ్డ: విత్తనాల సంగతి. ఎండిన కాయ తొడిమ వైపు నుంచి విచ్చుకుని తిరగేసిన గొడుగులా వేలాడుతుంది. పలచటి గింజలు గాలికి పోకముందే కోసుకోండి. ఎర్రమట్టి, ఇసుక, మాగిన ఎరువు సమపాళ్లలో కలిపి, గింజ పైన పలచగా మట్టి చల్లి నీడలో ఉంచండి. మొలకలన్నీ ఒకేసారి రావు, తొందరపడి తొట్టి ఒంపేయొద్దు. అడవిలోంచి మాత్రం వేరు తవ్వి తేకండి. మందు కోసం తవ్వే తవ్వకంతోనే ఈ తీగ తగ్గిపోతోంది. పైగా మందుగా తింటే అందులోని అరిస్టోలోకిక్ ఆమ్లం కిడ్నీలను పాడుచేస్తుంది, క్యాన్సర్ కూడా తెస్తుంది.

కంచెమొక్క: మోడైన తీగ పీకేయనా? నర్సరీలో ఈశ్వరి కుటుంబానికే చెందిన పెద్ద పూల తీగ ఉందన్నారు, అది పెట్టొచ్చా?

తూర్పుకనుమలు: పీకకండి. దుంపవేరు బతికే ఉంటుంది, తడి తగిలితే మళ్లీ చిగురేస్తుంది. వేసవిలో ఎండినా అంతే.

నర్సరీ తీగ వద్దు. అది దక్షిణ అమెరికాది. ఆస్ట్రేలియాలో రిచ్‌మండ్ బర్డ్‌వింగ్ అనే అరుదైన సీతాకోకచిలుక దాని మీద గుడ్లు పెడుతుంది, పుట్టిన పిల్లలు ఆ ఆకు తిని చస్తాయి. క్రిమ్సన్ రోజ్‌ని 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షించే జీవుల్లో చేర్చారు. అలాంటి జీవి మీద ఆ ప్రయోగం ఎందుకండీ?

వేపనూనె కూడా కొట్టొద్దు, అది ఈ పురుగుల్నీ చంపుతుంది. ఎదిగిన పురుగు తీగ దిగి పక్కనున్న పుల్లలకీ కంచె కర్రలకీ ప్యూపా (రెక్కలు వచ్చేముందు ఉండే గూడు) కడుతుంది. కంచె ఒక్కసారే నరికి తగలబెడితే ఆ తరమంతా బూడిదే. ఇప్పుడు సగం నరకండి, మిగతా సగం రెండు నెలలు ఆగి నరకండి. గుడ్డు నుంచి రెక్కలు వచ్చేదాకా నెల పైచిలుకు పడుతుంది కాబట్టి అంత గడువు కావాలి.