నైట్ షిఫ్టులు, మెలటోనిన్, నెలసరి: మన శ్రీకాకుళం, విజయనగరం ఆడవాళ్ల అనుభవాలు చెప్పండి

రణస్థలం కోడలు:
పైడిభీమవరంలో మందుల కంపెనీ ల్యాబ్‌లో చేస్తున్నాను. షిఫ్టులు మారుతూ ఉంటాయి. నైట్లు పడిన నెల డేట్ ఎప్పుడొస్తుందో చెప్పలేను. ఒకోసారి ముందే, ఒకోసారి బాగా వెనక్కి. పిల్లల కోసం చూస్తున్నాం, అందుకే టెన్షన్. మా తోడికోడలు ఎక్కడో వీడియో చూసి, మెలటోనిన్ గోళీలు వేసుకుంటే గుడ్డు బాగుంటుందంటోంది. ఎవరైనా వాడారా?

విజయనగరం సిస్టర్:
గోళీ సంగతి తర్వాత చూద్దాం చెల్లీ, ముందు నిద్ర సంగతి చెప్పు. నేను ఏళ్ల తరబడి నైట్లు చేసిన నర్సుని. అమెరికాలో నర్సుల మీద చేసిన పెద్ద అధ్యయనంలో కూడా మారే షిఫ్టులు ఎక్కువగా చేసేవాళ్లకి నెలసరి గతి తప్పడం ఎక్కువగా కనిపించింది.

మెలటోనిన్ అంటే చీకటి పడ్డాక మెదడులోని పీనియల్ గ్రంథి వదిలే హార్మోన్. వెలుతురుని, అందులోనూ నీలి వెలుతురుని పసిగట్టే కణాలు కంట్లో ప్రత్యేకంగా ఉన్నాయి. అవి ఇంకా పగలేనని కబురు పంపితే గ్రంథి పని తగ్గించేస్తుంది. దీనికి పెద్ద లైట్లు అక్కర్లేదు. 2011లో అమెరికాలో చూశారు: పడుకునే ముందు 200 లక్సుల (వెలుతురు కొలత) లోపు మామూలు గది వెలుతురులో కూర్చున్నా, మసక వెలుతురుతో పోలిస్తే మెలటోనిన్ ఉండే సమయం 90 నిమిషాల దాకా తగ్గింది. ఇక రాత్రంతా ట్యూబ్‌లైట్ల కింద ఉండే మనలాంటివాళ్ల గురించి వేరే చెప్పాలా!

అండాశయానికీ దీనికీ సంబంధం ఉంది. గుడ్డు పెరిగే సంచిలోని నీటిలో మెలటోనిన్ రక్తంలో కంటే ఎక్కువ ఉంటుంది. గుడ్డు విడుదలయ్యే వేళ అక్కడ పుట్టే ఫ్రీ రాడికల్స్ అనే హానికర కణాల నుంచి అది గుడ్డుని కాస్తుంది.

చీపురుపల్లి వదిన:
మాకు కోళ్లఫారం ఉంది. గుడ్లు పెట్టే కోళ్లకి పగటి వెలుతురూ లైటూ కలిపి 16 గంటలు ఇస్తాం. అది తగ్గితే గుడ్లు తగ్గిపోతాయి. మరి వెలుతురు ఎక్కువైతే మంచిదే కదా అని నా అనుమానం.

విజయనగరం సిస్టర్:
మంచి ప్రశ్న వదినా. కోడికి వెలుతురు పుర్రె గుండా నేరుగా మెదడులోకి వెళ్లి గుడ్లు పెట్టే హార్మోన్లని లేపుతుంది. మనకి ఆ దారి లేదు, కంటి ద్వారానే తెలియాలి. దాన్నీ దీన్నీ కలపొద్దు.

పలాస అమ్మడు:
నాకు నైట్ డ్యూటీలు లేవు, జీడిపప్పు ఫ్యాక్టరీలో పగటి పనే. అయినా పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి గతి తప్పే అండాశయ సమస్య) అన్నారు. రాత్రి ఒంటిగంట దాకా ఫోన్ చూస్తానని మా అమ్మ దానికే తిడుతుంది. డాక్టరమ్మ మాత్రం ముందు థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాల హార్మోన్), షుగర్ పరీక్షలు చేయించింది. అన్నిటికీ ఫోన్‌ని అనకండి. ఫోన్ తొందరగా పక్కన పెడితే నిద్ర బాగా పడుతోంది, అదైతే నిజం.

రణస్థలం కోడలు:
ఏటి చెయ్యమంటావు అప్పా? షిఫ్టు నా చేతిలో లేదు. గోళీ వేసుకోనా వద్దా?

విజయనగరం సిస్టర్:
నీ అంతట నువ్వు వద్దు. 2008లో జపాన్ డాక్టర్లు, అంతకుముందు ఐవీఎఫ్‌లో (గుడ్డుని ల్యాబ్‌లో వీర్యకణంతో కలిపే పద్ధతి) ఫలదీకరణ సరిగా కాని ఆడవాళ్లకి రోజుకి 3 మిల్లీగ్రాములు ఇస్తే ఫలదీకరణ శాతం పెరిగింది. అలాగని పిల్లలు పుట్టడం పెరుగుతుందని గట్టిగా రుజువు కాలేదు. పైగా 1992లో నెదర్లాండ్స్‌లో ఇదే మందుని రోజుకి 300 మిల్లీగ్రాములు, ప్రొజెస్టిన్ అనే హార్మోన్ మందుతో కలిపి ఇచ్చి, గుడ్డు విడుదల ఆగుతుందా అని పరీక్షించారు, ఆగింది కూడా. డోసు అంత తేడా చేస్తుంది. మందుల షాపుల్లో చీటీ లేకుండా ఇచ్చేస్తారని, ఏ తేదీ నుంచి ఎంత అన్నది తెలియకుండా మింగేస్తే ఎలా? గర్భం వచ్చి ఉన్నా డాక్టర్‌కి చెప్పకుండా వాడకూడదు, ఇది మాయ (ప్లసెంటా) దాటి బిడ్డని చేరుతుంది.

నేను చేసేది చెబుతాను. డ్యూటీ దిగి బస్టాండుకి నడిచేటప్పుడు నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, చున్నీ ముందుకి లాక్కుంటాను. ఇంట్లో కిటికీకి ముదురు నీలం దుప్పటి కట్టించాను. చుట్టూ చిన్న మేకులు కొట్టాం, లేకపోతే పక్కల్లోంచి ఎండ దూరిపోతుంది. పగటి పూట పాలవాడు, గ్యాస్ వాళ్లు తలుపు కొట్టకుండా అత్తగారికి చెప్పుకోవాలి. నిజం చెప్పాలంటే మేకుల కంటే ఇదే కష్టం.

రాజాం రవి:
మగవాడినని ఏమనుకోకండి. మా ఆవిడ జూట్‌మిల్లులో మారే షిఫ్టులు చేసేది. నెలసరి తేదీలు రాసిన కాగితం, షిఫ్టు చార్టు పక్కపక్కన పెట్టి డాక్టర్‌కి చూపిస్తే సంగతి తొందరగా తేలింది.

రణస్థలం కోడలు:
చార్టు నా ఫోన్‌లోనే ఉంది, తీసుకెళ్తాను. సోమవారం శ్రీకాకుళంలో డాక్టరమ్మ దగ్గరికి వెళ్తున్నాం. ఆ వారం నైట్ పడింది. మార్చమని ఇవాళే సూపర్‌వైజర్‌ని అడుగుతాను.