స్కాట్లాండ్‌లో జనం లేని చిన్న కొండ ఏదైనా చెప్పండి

మారతహళ్లి మావ:
సెప్టెంబర్‌లో ఆఫీస్ పని మీద ఎడిన్‌బరా వెళ్తున్నా, ఒక్క వీకెండ్ ఖాళీ ఉంది, ఇన్వర్నెస్ వైపు వెళ్లి ఏదైనా కొండ ఎక్కాలని ఉంది. బెన్ నెవిస్ మాత్రం వద్దు, 1345 మీటర్లని భయం కాదు, ఆదివారం పొద్దున నంది హిల్స్ చూసీ చూసీ జనమంటేనే విసుగొచ్చేసింది. స్కందగిరి, సావనదుర్గ చాలాసార్లు ఎక్కా. స్కాట్లాండ్‌లో కూడా ఇక్కడిలాగే ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేయాలా?

తడిసిన సాక్స్:
బుకింగ్ లేదు, టికెట్ లేదు. 2003లో చట్టమే చేశారు, బాధ్యతగా ఉంటే కొండల మీద ఎవరైనా నడవొచ్చు. లాక్ నెస్ సరస్సు పక్కనే మ్యాల్ ఫూర్ వొనీ అని ఒకటుంది (రాసింది చూసి చదివితే నోరు తిరగదు), 699 మీటర్లు, పోను రాను 10 కిలోమీటర్ల దాకా. నేను వెళ్లినరోజు దారిలో కనిపించింది ఇద్దరే, వాళ్లతో ఒక కుక్క.

మారతహళ్లి మావ:
699 ఆ? మన బెంగళూరే 900 కదా అక్కా, నేను ఇంట్లో కూర్చునే దానికంటే ఎత్తులో ఉన్నా 😀

తడిసిన సాక్స్:
నేనూ ఇదే లెక్క వేసుకుని వెళ్లా తమ్ముడూ. కింద ఆ సరస్సు సముద్రమట్టానికి 16 మీటర్లే, నువ్వు ఎక్కడం మొదలుపెట్టేది దానికంటే కాస్త పైనుంచే, బెంగళూరంత ఎత్తు నుంచి కాదు. పైగా మనకి అలవాటు ఎండు బండరాయి, అక్కడ బురద. పైకి పచ్చగా గడ్డిలాగే ఉంది కదా అని కాలేశా, మోకాలి దాకా దిగిపోయింది, లాగితే కాలొచ్చింది గానీ షూ రాలేదు, చెయ్యి పెట్టి తీస్తే నల్లగా డికాషన్ లాంటి నీళ్లు కారాయి. టాప్ వచ్చేసిందనుకున్న ప్రతిసారీ వెనక ఇంకోటి.

చలి పులి:
ఇన్వర్నెస్ నుంచి డ్రమ్‌నడ్రోకిట్ దాకా బస్ ఉంటుంది, అక్కడ్నుంచి నడక మొదలయ్యే గ్రోటెయిగ్‌కి టాక్సీ ముందే మాట్లాడుకో బ్రో, సన్న రోడ్డు, ఎదురు బండి వస్తే ఎవరో ఒకరు పక్కకి ఆగాలి. గాలి లేకపోతే మిడ్జెస్ అని నలుసంత పురుగులు మొహం మీద ముసురుతాయి, తలకి వల తీసుకెళ్లు. సిగ్నల్ నమ్మొద్దు, మ్యాప్ డౌన్‌లోడ్ చేస్కో. ఏదైనా అయితే 999, పోలీస్ అడిగి మౌంటెన్ రెస్క్యూ అని చెప్పాలి, వచ్చేది వాలంటీర్లు, డబ్బులు అడగరు.

మారతహళ్లి మావ:
సరే, ఫిక్స్. అక్కా, ఆ షూ మళ్లీ పనికొచ్చిందా?

తడిసిన సాక్స్:
బాల్కనీలో ఉంది, మా అమ్మ అందులో పుదీనా వేసింది.