పచ్చగన్నేరు, ఆముదం పిండి ఉన్న పెరట్లో కుక్కపిల్ల: సలహా ఇవ్వండి

అందరికీ నమస్కారం. మాది విజయవాడ. వీధిలో తల్లి లేకుండా తిరుగుతున్న ఆడ కుక్కపిల్లని ఇంటికి తెచ్చుకున్నాం. నాలుగు నెలలుంటాయి. పళ్ళు మారే వయసు కదా, చెప్పుల దగ్గర్నుంచి కొబ్బరిమట్టల దాకా దొరికిందల్లా కొరికేస్తోంది.

నా టెన్షన్ అంతా పెరటి గురించే. గోడ వారగా పెద్ద పచ్చగన్నేరు ఉంది. దాని ఆకు, పువ్వు, కాయ అన్నీ విషమే, గుండె మీద పనిచేస్తుంది. అత్తయ్యగారు రోజూ ఆ పూలతోనే శివుడికి పూజ చేస్తారు, కొట్టేద్దామంటే మనసు ఒప్పుకోదు. రాలిన కాయలు పొద్దున్నే ఏరేస్తున్నాం గానీ, గాలివాన వస్తే మళ్ళీ నేలంతా అవే.

రెండోది గులాబీల ఎరువు. మామయ్యగారు ఏళ్ళ తరబడి ఆముదం పిండే వేస్తున్నారు. అందులో రిసిన్ అనే విషం మిగిలి ఉండొచ్చు, పైగా ఆ వాసన కుక్కల్ని లాగుతుంది. మొన్న సరిగ్గా అదే పాదు తవ్వి, ముక్కు నిండా మట్టితో వచ్చింది. నోరు కడిగి, రోజంతా కనిపెట్టుకుని ఉన్నాం. ఏమీ కాలేదు.

పిండి వేసిన పైమట్టి తీసేస్తే చాలా, మొక్కలు వేరే కుండీల్లోకి మార్చాలా? గులాబీలకు వర్మీకంపోస్టు ఒక్కటే సరిపోతుందా? గన్నేరు చుట్టూ ఎలాంటి కంచె కడితే తవ్వే కుక్క ఆగుతుంది? ఇలాంటి పెరట్లో కుక్కని పెంచినవాళ్ళు దయచేసి చెప్పండి. పశువైద్యులెవరైనా ఉంటే, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలో కూడా రాయండి.